సగం నింపిన గళ్ళు

విల్కిస్టాకి కోపం వస్తే జల్లెడలో ఒమెనా చేపలు ఎగిరిపడతాయి. పక్కనే కూర్చునేదాన్ని, నాకు తెలియదా! కిసుము జుబిలీ మార్కెట్‌లో మా ఇద్దరి తట్టలూ ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. ఎండు చేపల్లో ఇసక పోవాలని ఇద్దరం పొద్దున్నే జల్లెడ పడతాం. ఆవిడ చేతిలో జల్లెడ నెమ్మదిగా ఊగిందంటే ఇంట్లో అంతా బాగున్నట్టు. ధనధనమని మోగిందంటే ఆ పొద్దున కూడా కంచెలోకి కాగితం వచ్చిందన్నమాట.

ఆ కాగితం సంగతే ముందు చెప్పాలి. విల్కిస్టా వాళ్ళింటికీ ప్లిస్టర్ టీచరమ్మ ఇంటికీ మధ్య పాలచెట్ల కంచె ఉంది. టీచరమ్మ ఏదో స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయింది. పెళ్ళి లేదు, పిల్లల్లేరు, పొద్దున్నే పేపరు ఉంది. టీ తాగుతూ ఆ పేపర్లో క్రాస్‌వర్డ్ గళ్ళు సగం నింపుతుంది. కప్పు ఖాళీ అవగానే నింపడం ఆపేసి, ఆ పేజీ మడిచి కంచె కొమ్మల మధ్య దోపి లోపలికి పోతుంది. కాసేపటికి విల్కిస్టా మొగుడు జాబ్లోన్ బావ వచ్చి దాన్ని తీసుకుంటాడు. చెవి మీది పెన్సిలు దింపి, వసారాలో ముక్కాలిపీట వేసుకుని, మిగిలిన సగం నింపుతాడు. పొద్దు వాలే వేళకి నిండిన పేజీ మళ్ళీ కంచెలోకి పోతుంది. టీచరమ్మ తీసుకుంటుంది. అంతే సంగతి! మాటా లేదు, పలుకూ లేదు, నవ్వు కూడా లేదు.

"మాట్లాడుకుంటే బాగుండును కదే రిస్పా! మాట్లాడుకుంటే చాటుగానైనా వినేదాన్ని. చేయి పట్టుకుంటే చేయి విరగ్గొట్టేదాన్ని. ఇదేమిటో ఏమని అడగను? ఊళ్ళో ఎవరితో చెప్పుకున్నా నవ్వుతారు" అని ఏడ్చేది విల్కిస్టా.

నేనూ నవ్వాను. నవ్వనా మరి? "గళ్ళల్లో కాపురం చేస్తారటే ఎవరైనా, అక్కా?" అన్నాను.

"నీకేం తెలుసు! నువ్వు ఆ కాగితం చూడలేదు. ఆవిడ నీలం సిరాతో అడ్డంగా ఓ మాట రాస్తుంది. ఈయన పెన్సిలుతో నిలువుగా ఓ మాట రాస్తాడు. రెండూ కలిసే చోట అక్షరం ఒక్కటే! ఆవిడ అక్షరం వచ్చి మా ఆయన మాటలో కూర్చుంటోంది. సిగ్గులేకుండా!"

అంత సీరియస్‌గా చెప్పేసరికి నా చేతిలో డబ్బా కొలత తప్పింది. కొనడానికి వచ్చినామె మహా సంతోషంగా ఎక్కువ చేపలు పట్టుకుపోయింది. విల్కిస్టా మాత్రం నా వంక చూడనే లేదు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

జాబ్లోన్ బావకి ఈ పిచ్చి ఎక్కడ పట్టిందంటే, రైల్లో. నైరోబి నుంచి కిసుముకి వచ్చే రాత్రి బండిలో ఆయన పక్కలు వేసే ఉద్యోగం చేశాడు. ఫస్ట్ క్లాసువాళ్ళకి దుప్పట్లు పరచడం, తెల్లారి లేపడం, వాళ్ళు దిగిపోయాక దుప్పట్లు మడవడం. దొరబాబులు సాయంత్రం బండెక్కి, భోజనమయ్యాక పేపరు తీసి, నిద్ర వచ్చేదాకా క్రాస్‌వర్డ్ నింపి, పొద్దున దాన్ని సీటు మీదే పారేసి పోయేవారు. మిగతావాళ్ళయితే ఆ పేపర్లు అమ్ముకునేవారు. ఈ మహానుభావుడు వాటిని మడిచి చంకలో పెట్టుకుని, ఖాళీగా ఉన్నప్పుడు కూర్చుని, వాళ్ళు వదిలేసిన గళ్ళు పూర్తిచేసేవాడు. ఇంగ్లీషంతా అలా నేర్చుకున్నదే. లాయర్లు మొదలుపెట్టినవి, డాక్టర్లు మొదలుపెట్టినవి, చెరుకు ఫ్యాక్టరీ మేనేజర్లు మొదలుపెట్టినవి, అన్నీ ఈయన చేతిలో పూర్తయ్యాయి.

తర్వాత ఆ బండి ఆగిపోయింది. బావ ఇంటికొచ్చి కూర్చున్నాడు. చెవి మీద పెన్సిలు అలాగే ఉంది, కాగితం లేదు. కొన్నాళ్ళు చేపలు కట్టడానికి తెచ్చిన పాత పేపర్లు వెతుక్కున్నాడు. అందులో ఎవరైనా సగం నింపినది దొరికితే ఆ రోజు పండగే. కంచె అవతల నుంచి టీచరమ్మ ఇదంతా చూసి ఉంటుంది. ఒకరోజు పేజీ మడిచి కంచెలో దోపింది. అలా మొదలైంది.

విల్కిస్టా ఊరుకునే మనిషా? మర్నాడే కొత్త పేపరు కొని తెచ్చింది. ఇస్త్రీ మడత కూడా చెదరనిది. "నీకు కాగితం కావాలంటే నేను లేనా? ఊళ్ళోవాళ్ళ ఎంగిలి ఎందుకు?" అని మొగుడి ఒళ్ళో పెట్టింది. బావ చాలా సంతోషపడ్డాడు. చావు కబుర్లన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఫుట్‌బాల్ చదివాడు. గళ్ళ పేజీ దగ్గరికి వచ్చి, పెన్సిలు పట్టుకుని, అలా చూస్తూ కూర్చున్నాడట. ఒక్క అక్షరం పెట్టలేదు.

"ఏమైంది?" అందట ఈవిడ.

"ఖాళీగా ఉంది, సెమె పిల్లా. ఎవరూ ఎక్కని రైలుపెట్టెలా ఉంది. మొదలుపెట్టడం నాకు రాదు. ఎవరైనా నాలుగు మాటలు వేసిస్తే, వాటిని పట్టుకుని నేను పోతాను" అన్నాడట ఆయన. మా వైపు ఆడవాళ్ళని పుట్టింటి ఊరి పేరుతోనే పిలుస్తారు, విల్కిస్టాది సెమె, నాది అలెగో.

ఆ పేపర్లో ఆ రోజు నా చేపలు కూడా కట్టాం. గళ్ళన్నీ తెల్లగా అలాగే ఉన్నాయి. కానీ ఆ మాట మాత్రం విల్కిస్టా గుండెలో ముల్లులా దిగింది. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఓ మధ్యాహ్నం బేరాల్లేక ఇద్దరం వేయించిన మండాజీ రొట్టె తుంచుకుని తింటుంటే తనే చెప్పింది.

"మొదలుపెట్టడం రాదంట! విన్నావా ఆ మాట! ఆ మనిషి చేతికి వచ్చిందల్లా సగమే. ఊళ్ళో ఇల్లుందే, అది వాళ్ళన్న ఎర్నెస్ట్ గోడలదాకా కట్టి పోయినదే. ఈయన పైన రేకులు వేశాడు. నా పెద్దపిల్ల ఎర్నెస్ట్ పిల్లే. ఈయన పెంచాడు. ఇక నేను? నేను మాత్రం ఎవరిని? ఎర్నెస్ట్ సగం ఏలుకుని వదిలేసి పోయినదాన్ని. అన్న పోయాడు, వదిన మిగిలింది, పెద్దలు కూర్చుని తమ్ముడి ఒళ్ళో పెట్టారు. ఇతనూ సరే అన్నాడు. సీటు మీద కాగితం చూసి తీసుకున్నట్టే తీసుకున్నాడు. నన్ను మాత్రం కావాలనుకుని తెచ్చుకున్నాడా?"

"అయ్యో అక్కా, ఆయన నిన్ను బాగానే చూసుకున్నాడు కదా" అన్నాను.

"బాగా చూసుకున్నాడే! దుప్పటి మడిచినట్టు జాగ్రత్తగా చూసుకున్నాడు. దుప్పటి ఎవరిదైనా అలాగే మడుస్తాడు. ఇప్పుడు ఆవిడ కాగితాన్నీ అంతే జాగ్రత్తగా మడుస్తున్నాడు. నా కడుపు మండదా?"

నిజం చెప్పొద్దూ, మా దగ్గర భర్త పోయిన ఆడదాన్ని భర్త వైపువాడే ఒకడు ఏలుకోవడం కొత్తేం కాదు. ఏలుకున్నవాడు ప్రేమతో ఏలుకున్నాడా బాధ్యతకి ఏలుకున్నాడా అని అడిగే ఆడది మాత్రం నాకు తెలిసి విల్కిస్టా ఒక్కతే.

ఆ తర్వాత ఓ సోమవారం ఆవిడ మార్కెట్‌కి వెలిగిపోతూ వచ్చింది. జల్లెడ ముట్టుకోలేదు. ఒంటికి చుట్టుకున్న కాంగా గుడ్డ కొంగు బిగించి నా చెవి దగ్గర కూర్చుంది.

"ఈ రోజుతో టీచరమ్మ చదువు బండారం బయటపడుతుంది చూడు."

ఏం చేసిందనుకున్నారు? ఆ పొద్దున వాకిలి ఊడ్చే నెపంతో ముందుగా తనే కంచె దగ్గరికి పోయి పేజీ తీసుకుంది. బావ స్నానానికి వెళ్ళాడు. వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది. తను చదువుకున్నది ఐదో తరగతి. అక్షరాలు గుర్తుపడుతుంది, అర్థాలు అడక్కూడదు. అందుకని అరమీద ఉన్న మొక్కజొన్న పిండి ప్యాకెట్టు, ఉప్పు ప్యాకెట్టు, బట్టల సబ్బు కాగితం, అగ్గిపెట్టె దించి ముందు పెట్టుకుంది. ఖాళీ గళ్ళని వేలు పెట్టి లెక్కపెట్టి, అన్ని అక్షరాలున్న మాటేదో ప్యాకెట్ల మీద వెతికి, నీలం పెన్నుతో టీచరమ్మలాగే గుండ్రంగా దించేసింది. టీచరమ్మ అక్షరం ఎక్కడైనా అడ్డొస్తే ఆ వరస వదిలేసి ఇంకో వరస పట్టుకుంది. పని అయ్యాక మళ్ళీ మడిచి కంచెలో దోపేసింది.

"ఆయన చూస్తాడు. ఇదేమిటి, ఈవిడకి ఏమీ రాదే అనుకుంటాడు. రెండు రోజులు చూస్తాడు, మూడు రోజులు చూస్తాడు. తర్వాత ఆ కాగితం ముట్టుకుంటాడా? ముట్టుకోడు!" అంది.

నేను నవ్వీ నవ్వీ తట్ట మీద పడ్డాను. పిండి ప్యాకెట్టుతో హెడ్‌మిస్ట్రెస్ మీద యుద్ధానికి వెళ్ళిన ఆడది ఇంకెక్కడైనా ఉందా!

ఆ రోజు బావ పేజీ ముందు వేసుకుని పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. పెన్సిలు పెట్టడం, తీయడం. తుడవడం, మళ్ళీ పెట్టడం. నిండిన పేజీ కంచెలోకి పోలేదు, పూర్తవలేదు గనక. పూర్తవని పేజీ పంపడానికి ఆయనకి మొహం చెల్లలేదు. మడిచి దిండు కింద పెట్టుకున్నాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. రోజూ విల్కిస్టా పొద్దున్నే ప్యాకెట్ల పని ముగించుకుని వచ్చి నాకు కబురు చెప్పేది.

"ఇంకా టీచరమ్మని తిట్టలేదే. తిడతాడు, ఆగు" అనేది.

తిట్టలేదు. గురువారమో ఎప్పుడో విల్కిస్టా వచ్చేసరికి మొహం పాలిపోయి ఉంది. జల్లెడ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"రిస్పా, ఆయన పొద్దున లేచి స్టేషన్ల పేర్లు చదువుతున్నాడు."

"ఏ స్టేషన్లు?"

"రైలు స్టేషన్లే. నకూరు, న్జోరో, ఎల్బర్గన్, మోలో, లోండియానీ... వరసగా చెప్పుకుంటున్నాడు. ఏమిటది అని అడిగితే, మతి ఉందో లేదో చూసుకుంటున్నాను అన్నాడు. ఫోర్ట్ టెర్నన్ తర్వాత ఆగిపోయాడు. కోరు గుర్తురాలేదు. ఆ బండిలో ముసలివాడైన మనిషికి కోరు గుర్తురాలేదే! మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగిపోయాడు."

అప్పుడు నాకు నవ్వు రాలేదు. జాబ్లోన్ బావ నాన్నకి చివరి రోజుల్లో మతి పోయింది. కట్టుకున్న ముసలామెని పట్టుకుని "ఎవరింటి కోడలివమ్మా నువ్వు?" అని అడిగేవాడు. ఓ రోజు సరస్సు వైపు నడుచుకుంటూ పోతే జాలర్లు పట్టుకుని తెచ్చారు. ఆ భయం బావకి లోపల ఎప్పుడూ ఉంది. విల్కిస్టాకీ తెలుసు. తెలిసీ మరిచిపోయింది, అసూయ అలాంటిది.

"టీచరమ్మ తప్పు రాసిందేమో అన్నాను రిస్పా. నేనే అన్నాను. ఏమన్నాడో తెలుసా? ఆవిడ తప్పు రాయదు, ఆ మాటలు సరైనవే అయి ఉంటాయి, వాటి చుట్టూ ఏం పట్టాలో నాకే తట్టడం లేదు అన్నాడు. అంత నమ్మకం! ఆవిడ మీద అంత నమ్మకం, తన మతి మీద లేదు!"

ఆ స్థితిలో కూడా విల్కిస్టాకి కడుపుమంట తగ్గలేదు చూడండి.

"మర్నాటి పేపర్లో జవాబులు వేస్తారుగా, చూసుకోమను" అన్నాను.

"అన్నాను. చూడనన్నాడు. చూస్తే తెలిసిపోతుందిగా అన్నాడు."

"మరైతే చెప్పెయ్యవే, అక్కా! నేనే రాశానని చెప్పెయ్యి."

"ఏమని చెప్పను? ఆవిడ మీద కుళ్ళుకుని ఉప్పు ప్యాకెట్టు చూసి రాశానని చెప్పనా? ఆవిడకి తెలిస్తే కంచె అవతల నుంచి నన్ను చూసి నవ్వదూ?"

శుక్రవారం నుంచి తను ప్యాకెట్ల పని మానేసింది. టీచరమ్మ పేజీని ముట్టుకోకుండా కంచెలోనే వదిలేసింది. సగం నింపినది, తప్పుల్లేనిది, ఎప్పటిలాంటిది. దాన్ని తీసుకుని ఉంటే బావ చక్కగా నింపేసేవాడు, గోల పోయేది. కానీ బావ ఆ పూట కంచె దగ్గరికే రాలేదు. పెన్సిలు చెవి మీద నుంచి దించి కిటికీలో పెట్టేశాడు. పేజీ సాయంత్రం వానకి తడిసి, నీలం సిరా కారి, కొమ్మకి అతుక్కుపోయింది. విల్కిస్టా కోరుకున్నది జరిగింది కదా! కాగితం రావడం, పోవడం ఆగిపోయింది. ఆ కొమ్మ వైపు చూడలేక వంటింటి కిటికీకి గోనె కట్టిందట.

ఆదివారం చర్చి అయ్యాక నేను వాళ్ళింటికి బేసిన్ తీసుకుపోయాను. విల్కిస్టా బేసిన్‌లో నా చేపలు తెచ్చుకున్నాను ఆ వారం. గుమ్మంలో అడుగు పెట్టగానే చూశాను, ముందు గదిలో పెట్టె తెరిచి ఉంది. బావ చొక్కాలు మడిచి అందులో సర్దుతున్నాడు. రైల్లో దుప్పట్లు మడిచినట్టే, అంచుకి అంచు కలిపి.

"ఎక్కడికి బావా?" అన్నాను.

"ఊరికి, అలెగో పిల్లా. అక్కడైతే దారి తప్పినా ఎవరో ఒకరు గుర్తుపట్టి ఇంటికి తెస్తారు. ఇక్కడ మోటారుసైకిళ్ళ కింద పడతాను."

"అక్క?"

"ఆవిడకి బేరం ఉంది. నా వెనకాల తిరగడానికి ఆవిడెందుకు? నువ్వెవరని ఆవిడని నేను అడిగే రోజు రాకముందే పోవాలి. మా అమ్మ మొహం నేను చూశాను, ఆ మొహం విల్కిస్టాకి వద్దు" అన్నాడు.

విల్కిస్టా వంటింటి తెర వెనక ఉంది. ఆవిడ కాళ్ళు కనిపిస్తున్నాయి, కదలడం లేదు. సరిగ్గా అప్పుడు గుమ్మంలో గొంతు వినిపించింది.

"జాబ్లోన్ గారూ, రావచ్చా?"

ప్లిస్టర్ టీచరమ్మ! చర్చి గౌనులోనే ఉంది, చేతిలో తడిసి ఎండిన ఆ పేజీ. ఇన్నేళ్ళలో ఆ గుమ్మం ఎక్కడం అదే మొదటిసారి.

"వారమంతా ఒక్క పేజీ కూడా తిరిగి రాలేదు. మొన్నటిది కొమ్మకే ఉంది. ఒంట్లో బాగాలేదేమో అని..." అంది.

"ఒంట్లో బాగానే ఉంది టీచరమ్మా. బుర్రే బాగాలేదు. ఇకమీదట నాకు పంపకండి. మీరు రాసినవాటికి నేను అందుకోలేకపోతున్నాను" అన్నాడు బావ. అని, దిండు కింద నుంచి ఆ వారం పేజీలన్నీ తీసి, హోంవర్కు చెయ్యని పిల్లాడిలా తలవంచుకుని ఆవిడకి అందించబోయాడు.

తెర సర్రున పక్కకి పోయింది. విల్కిస్టా వచ్చి ఆ పేజీల మీద చెయ్యి వేసింది.

"ఆగు. అవి ఆవిడ రాసినవి కాదు. నేను రాశాను" అంది.

బావ మెల్లగా తల తిప్పి చూశాడు. ఆయన మొహంలో కోపం లేదు, జాలి ఉంది.

"వద్దు, సెమె పిల్లా. నన్ను ఓదార్చడానికి అబద్ధాలు చెప్పకు. నువ్వు ఇంగ్లీషు మాట రాయడం నేనెప్పుడు చూశాను?"

నమ్మలేదు! పరువు పోతే పోనీ అని ఆడది నలుగురి ముందుకొచ్చి ఒప్పుకుంటే, ఆ మొగుడు నమ్మనేలేదు. విల్కిస్టా గిరుక్కున వంటింట్లోకి పోయింది. గిన్నెలు పడిన చప్పుడు. తిరిగొచ్చి పిండి ప్యాకెట్టు ఆయన ముందు ధబీమని పెట్టింది. గది నిండా పిండి లేచింది. పక్కన ఉప్పు, సబ్బు కాగితం, అగ్గిపెట్టె.

"చూడు! ఈ వరస చూడు. ఇది పిండి మీద ఉంది. ఇదిగో, ఇది అగ్గిపెట్టె మీద ఉంది. ఇది సబ్బుది. నువ్వు వారం రోజులు తల బద్దలుకొట్టుకున్నది మన వంటింటి అర మీద!"

బావ కళ్ళద్దాలు పెట్టుకుని పేజీ చూశాడు, ప్యాకెట్టు చూశాడు. మళ్ళీ పేజీ, మళ్ళీ ప్యాకెట్టు. టీచరమ్మ వంగి ఆయన భుజం మీదుగా చూసింది. చూసి, గొంతు సవరించుకుంది.

"ఇవేవీ నావి కావు. కానీ అమ్మా, ఈ ఉప్పు మాత్రం సరైన జవాబే" అంది.

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. విల్కిస్టా మాత్రం నవ్వలేదు. బావా నవ్వలేదు. టీచరమ్మకి సంగతి అర్థమైంది, చదువుకున్న మనిషి కదా. తడిసిన పేజీ మడిచి చేతి సంచిలో పెట్టుకుంది.

"రేపటి నుంచి పెట్టమంటారా, మానెయ్యమంటారా? మీరే చెప్పండి" అని విల్కిస్టానే అడిగింది. విల్కిస్టా వంగి, కింద పడిన పిండి కొంగుతో తుడవసాగింది. టీచరమ్మ దారిలో ఉన్న బేసిన్ దాటుకుని వెళ్ళిపోయింది.

నేనూ వెళ్ళిపోవాల్సింది. వెళ్ళలేదు. ఎవరు వెళ్తారు!

బావ ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. "ఎందుకు?" అన్నాడు.

అంతే, ఇన్నేళ్ళ సరుకంతా బయటికొచ్చింది. "ఎందుకా? ఆ గళ్ళల్లో ఆవిడకి చోటుంది, నీకు చోటుంది, నాకేది? ఎవరో మొదలుపెట్టింది అందుకోవడమే నీకు తెలుసు. రైల్లో వాళ్ళవి, ఆ తర్వాత ఆవిడది. నన్నూ అలాగే అందుకున్నావు. మీ అన్న వదిలేసిన కాగితాన్ని నేను. పూర్తిచేశావు, మంచివాడివి, మడిచిపెట్టావు. నన్ను నువ్వు అడిగావా ఎప్పుడైనా? కావాలనుకున్నావా? ఆవిడ కాగితం కోసం పొద్దున్నే కంచెకేసి చూస్తావే, అలా ఒక్కరోజు నాకోసం చూశావా?" అని గోడకి చేరగిలబడి ఏడ్చింది.

బావ కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. నైరోబి నుంచి. నైవాషా, నకూరు, న్జోరో, ఎల్బర్గన్, మోలో, లోండియానీ. ఎక్కడా తొందర లేదు. ఫోర్ట్ టెర్నన్. నేను కాంగా చివర పిడికిట్లో బిగించాను. కోరు. ముహొరోని. చెమెలిల్. మివానీ. కిబోస్. కిసుము.

"ఏమైనా వదిలేశానా?" అని విల్కిస్టాని అడిగాడు.

"లేదు" అంది ఆవిడ ముక్కు తుడుచుకుంటూ. ఆ బండి ఒక్కసారి కూడా ఎక్కలేదు గానీ స్టేషన్లన్నీ ఆవిడకి కంఠతా.

"అయితే నా మతి బాగానే ఉంది. ఆ మతితోనే చెప్తున్నాను, విను. అన్నని పూడ్చాక పెద్దలు మా పెదనాన్న ఇంట్లో కూర్చున్నారు. నిన్ను మా చిన్నాన్న కొడుకు ఒబారేకి ఇద్దామన్నారు. అతనికి అప్పటికే పెళ్ళాం ఉంది, పద్ధతి ప్రకారం అతనే తగినవాడు. నేను పెళ్ళి కానివాణ్ణి, నాకు ఆ హక్కు లేదన్నారు. ముందు ఓ పిల్లని తెచ్చుకుని సొంతంగా ఇల్లు మొదలుపెట్టు, విధవరాలితో మొదలుపెట్టకూడదు అన్నారు. నేను వద్దన్నాను. ఆ గుమ్మంలో అడ్డంగా కూర్చున్నాను. తిట్టారు, మా పెదనాన్న కర్ర కూడా ఎత్తాడు. లేవలేదు. ఆ వారం నా రైలు నేను లేకుండానే పోయింది. పెద్దలకి విసుగొచ్చి, పట్టుకుపో అన్నారు. కాగితాలంటావా, అవి సీటు మీద ఉంటే ఏరుకున్నాను. నిన్ను నేను ఏరుకోలేదు, సెమె పిల్లా. అడిగి తెచ్చుకున్నాను. నేను మొదలుపెట్టింది అదొక్కటే."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. విల్కిస్టాకి మాత్రం కోపమొచ్చింది! మొహం ఎర్రగా చేసుకుని గోడ దగ్గర నుంచి లేచింది.

"ఈ ముక్క ఇన్నేళ్ళుగా నోట్లో పెట్టుకుని కూర్చున్నావా? నా కళ్ళు కాయలు కాచాయి కదా! ఆ టీచరమ్మకైతే రోజూ జవాబులు రాసి పంపుతావు!"

"అక్కడ ప్రశ్న అచ్చువేసి ఉంటుంది. నువ్వు ఎప్పుడూ అడగలేదు" అన్నాడాయన, నిజంగానే ఆశ్చర్యంగా.

విల్కిస్టా పెట్టెలో చొక్కాలన్నీ తీసి మంచం మీద విసిరికొట్టింది. మడతలన్నీ పాడుచేసి మరీ విసిరింది. తర్వాత ఉగాలి ముద్దకి ఎసరు పెట్టింది, అదే పిండితో. నన్ను ఉండమంది కానీ నేను ఉండలేదు.

మర్నాటి పొద్దున విల్కిస్టా కంచె దగ్గర నిలబడి పిలిచిందట. "టీచరమ్మా, పెట్టండి. కానీ కొమ్మల్లో దోపకండి, నా చేతికివ్వండి" అందట. ఇప్పుడు రోజూ ఆవిడే అందుకుంటుంది. మొదట తెరిచి, అటూ ఇటూ తిప్పి, ఏదో అర్థమైనట్టు చూసి, అప్పుడు మొగుడికి ఇస్తుంది. కుళ్ళు పూర్తిగా పోయిందా అంటే పోలేదు. నీలం సిరా ఎక్కువ కనిపిస్తే ఇప్పటికీ మూతి ముడుస్తుంది.

ఆ ఆదివారం నేను ఇంటికి పోయేసరికి మా ఆయన మంచం మీద పడుకుని రేడియోలో ఫుట్‌బాల్ వింటున్నాడు. పక్కన కూర్చున్నాను. 

"ఏమయ్యా, నన్ను చేసుకోవడానికి నువ్వు ఎవరితోనైనా పోట్లాడావా?" అని అడిగాను.

రేడియో తగ్గించకుండానే అన్నాడు, "పోట్లాట ఎందుకు? మీవాళ్ళు అడగ్గానే ఇచ్చేశారుగా."

ఆ పూట ఉగాలి అడుగంటింది. నేనే అంటించాను. మార్కెట్‌లో ఇప్పుడు విల్కిస్టా జల్లెడ నెమ్మదిగా ఊగుతుంది. ధనధనమని మోగేది నాదే.